వరస చివర రూతమ్మ

సంతోషకుమారికి అనుమానం ఎక్కువని రాళ్లవాగుపాలెంలో పసిపిల్లలకి కూడా తెలుసు. పాలాయన గిన్నెలో పాలు పోశాక ఆమె వేలు ముంచి చూసేదాకా బండి ఎక్కడు. ఎక్కితే ఏమవుతుందో ఒకసారి చూశాడు, చాలు. భర్త పోయిన దగ్గర్నుంచీ, అంటే పదకొండేళ్లుగా, చర్చి తాళంచెవి ఆమె కొంగుముడిలోనే ఉంది. తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తుంది. నాలుగోసారి జక్రయ్య పాస్టరుగారిని లాగమంటుంది. "దేవుడి ఇంటికి దొంగల భయమేంటమ్మా" అని ఆయన నవ్వితే, "దేవుడికి లేదు అయ్యగారూ, నాకుంది" అంటుంది.

అలాంటి మనిషి ముందుకి, మిరపకోతలు ముమ్మరంగా సాగే ఫిబ్రవరిలో, ఒక శుక్రవారం పొద్దున బైకు మీద ఒకాయన వచ్చి దిగాడు. నలభై ఏళ్లుంటాయి. భుజాన సంచి, మెడలో కెమెరా.

"నమస్కారమమ్మా. నా పేరు శ్యామ్ సుందర్. గుంటూర్లో డ్రాయింగ్ మాస్టర్ని. మీ చర్చిలో మీరా హుస్సేన్ చెక్కిన పాత అచ్చుబొమ్మ ఒకటుందని విన్నాను. మిరప కల్లం బొమ్మ. ఒకసారి చూడొచ్చా?"

సంతోషకుమారి ఆయన మొహం చూడలేదు, బూట్లు చూసింది. నల్లబూట్లు చీలమండల దాకా సున్నంతో తెల్లగా ఉన్నాయి. పిడుగురాళ్ల రోడ్డు మీద తిన్నగా వచ్చినవాడికి అంత సున్నం అంటదు. క్వారీ ఆఫీసు ముందు దిగి నడిచినవాడికే అంటుతుంది.

"దారి ఎవరు చెప్పారు?" అంది.

"క్వారీ దగ్గర అడిగానమ్మా. మేనేజరుగారు కూర్చోబెట్టి మంచినీళ్లు కూడా ఇచ్చారు. మంచాయన."

ఇంక చెప్పేదేముంది! నెల రోజులుగా ఊరంతటికీ నిద్ర లేకుండా చేసినవాడు ఈయనకి కుర్చీ వేసి నీళ్లిచ్చాడంటే ఈయన ఎవరి మనిషో వేరే అడగాలా?

ఆ బొమ్మ కథ కొంచెం చెప్పాలి. ఎప్పుడో మిషను దొరల కాలంలో, ఈ ఊరి మీరా హుస్సేన్ అనే పనివాడు చెక్క మీద ఉలితో చెక్కితే, మిషను అచ్చుకూటంలో దానికి సిరా పూసి పల్చటి కాగితం మీద అచ్చేశారు. రెండు మూరల వెడల్పు ఉంటుంది. ముందు మిరప కల్లం. కల్లంలో ఆరుగురు ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతుంటారు. వాళ్ల వెనక, చర్చి గుమ్మంలోంచి చూసినట్టు, సున్నపురాయి తిప్ప, తిప్ప దాకా వెళ్లే బాట. బాటకి కుడిపక్క ఏడు సిలువలు. కింద "మిరప కల్లము" అనే అక్షరాలు, కుడి మూల చెక్కినవాడి పేరు, 1938 అనే అంకె.

ఆ ఏడు సిలువలే సంతోషకుమారి ప్రాణానికొచ్చాయి. ఎందుకంటే ఊరి సమాధుల దొడ్డి చర్చి గుమ్మంలో నిలబడి తిప్ప వైపు చూస్తే బాటకి ఎడమపక్క ఉంది. కుడిపక్కంతా క్వారీ గొయ్యి. ఇప్పుడు క్వారీ వాళ్లకి ఎడమపక్క కూడా కావాలి. మీ పాత దొడ్డి కుడిపక్కే ఉండేది, ఎప్పుడో వదిలేసుకున్నారు, ఎడమపక్క ఉన్నవన్నీ ప్రభుత్వ స్థలంలో ఈమధ్య పెట్టిన సమాధులు, తీసెయ్యాల్సిందే అని అర్జీ పెట్టారు. పాత ఆధారాలు ఏమున్నా సోమవారం తెచ్చి చూపించమని తహసీల్దారు ఆఫీసు నుంచి రెండు పక్షాలకీ నోటీసు వచ్చింది.

ఆ ఎడమపక్క దొడ్డిలో, మూడో వరసలో యోబు ఉన్నాడు. సున్నపు బట్టీలో పాతికేళ్లు పనిచేసి, ఊపిరితిత్తుల నిండా సున్నం నింపుకుని పోయిన మొగుడు. అతని సమాధి పక్కన చాప పరిచేంత చోటు సంతోషకుమారి తన కోసం వదిలించుకుంది. పిల్లలు లేరు. ఈ లోకంలో ఆమె నాది అనుకునే జాగా ఏదైనా ఉంటే ఆ చాపంత జాగాయే.

మొన్న క్రిస్మస్‌కి మేనేజరు స్వీటు డబ్బాలతో చర్చికొచ్చాడు. వచ్చినవాడు ఆ బొమ్మ ముందు నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "సమాధులు కుడిపక్క ఉన్నాయేంటమ్మా?" అని నవ్వాడు. జనవరిలో నోటీసు వచ్చింది. వచ్చిన రోజే సంతోషకుమారి బొమ్మని దింపి, కత్తెర తీసుకుని, కుడిపక్కన జానెడు ముక్క సిలువలతో సహా కోసేసి, మిగతాది మళ్లీ అద్దాల ఫ్రేములో పెట్టి గోడకి తగిలించింది. చెదలు తినేశాయని చెప్పింది. రెండు కళ్లకీ శుక్లాలున్న పాస్టరుగారు, అయ్యో అనుకుని నమ్మారు.

తప్పు చేశానని ఆమెకి తెలుసు. కానీ ఆ బొమ్మ అబద్ధాలకోరు అని కూడా ఆమెకి గట్టి నమ్మకం. వరస చివర, ఎడమ అంచున కూర్చున్న మనిషి మా అమ్మే అని ఆమె నాన్న బతికున్నన్నాళ్లూ చెప్పేవాడు. అంటే సంతోషకుమారి నాయనమ్మ రూతమ్మ. ఊళ్లో ఆమెని పుర్రచేతి రూతమ్మ అనేవాళ్లు. ఎడమచేత్తో ఏరేది, అందరికంటే జోరుగా ఏరేది, పక్కవాళ్లకి మోచెయ్యి తగులుతుందని ఆమెని ఎప్పుడూ వరస చివర కూర్చోబెట్టేవాళ్లు. బొమ్మలో చూస్తే ఆ చివరి మనిషి కుడిచేత్తో ఏరుతోంది. మిగతా అయిదుగురూ ఎడమచేత్తో! పైటలు కూడా అందరికీ కుడి భుజాన ఉన్నాయి. ఆ కాలంలో అలాగే వేసేవారని ఎవరో పాత పాస్టరు ప్రసంగంలో చెప్పాడు గాని, సంతోషకుమారి ఒప్పుకోలేదు. మా నాయనమ్మ చెయ్యే సరిగ్గా వెయ్యడం రానివాడు సమాధులు సరిగ్గా వేస్తాడా అని ఆమె వాదన. కత్తెర పట్టినప్పుడు ఆ వాదన బాగా పనికొచ్చింది.

ఇప్పుడు ఈయన ఊడిపడ్డాడు. చూపించనంటే అనుమానం వస్తుంది. అనుమానించే హక్కు తనకి తప్ప ఇంకెవరికీ ఉండటం ఆమెకి ఇష్టం లేదు. కాబట్టి తలుపు తీసింది.

శ్యామ్ సుందర్ బొమ్మ ముందు నిలబడి, మొదట సంబరపడిపోయాడు. "అబ్బ! ఎంత పనితనమమ్మా! ఆ మిరపకాయల కుప్ప చూడండి, ఒక్కో కాయా ఉలితో లేపాడు" అన్నాడు. తర్వాత ముక్కు అద్దానికి ఆనించి కుడి అంచు చూశాడు. మొహం మారింది.

"ఇదేంటమ్మా, ఇక్కడ ముక్క లేదు?"

"చెద తినేసింది."

ఆయన ఆమె వైపు తిరిగాడు. "చెద కత్తెరతో తింటుందా అమ్మా?"

సంతోషకుమారి కొంగుముడి మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"గీత గీసినట్టుంది అంచు. కోసిన ముక్కలోనే పనివాడి పేరుంటుంది. పేరున్న ముక్కలకి గిరాకీ ఎక్కువ. ఎవరైనా అడిగారా? ఎవరికైనా ఇచ్చారా? నిజం చెప్పండి, నేను ఎవరితోనూ అనను."

ఆమెకి ఒళ్లు మండింది. తనని దొంగ అంటున్నాడు. తను అనుమానించాల్సిన మనిషి తననే అనుమానిస్తున్నాడు! "ఏమయ్యా, చూసింది చాలు. క్వారీ వాడు నీళ్లిస్తే తాగొచ్చి దేవుడి గుళ్లో నన్ను దొంగంటావా? బయటికి నడువు" అని కేకేసింది.

"క్వారీకీ బొమ్మకీ ఏంటమ్మా సంబంధం?" అన్నాడాయన, తెల్లబోయి.

ఏమీ తెలియనట్టు ఎంత బాగా అడుగుతున్నాడో అనుకుందామె. "మీరా హుస్సేన్ వాళ్లు ఎవరైనా ఉన్నారా ఊళ్లో?" అని ఆయన గుమ్మం దగ్గర ఆగి అడిగితే, "ఎవరూ లేరు. అందరూ పోయారు" అని తలుపేసింది. మూడుసార్లు తాళం లాగింది.

కానీ ఊరు ఆమె ఒక్కదానిదే కాదు. కొట్టు దగ్గర నిలబడ్డ ఎవరో చెయ్యెత్తి చూపించారు, బైకు మసీదు వీధిలోకి తిరిగింది. ఆ వీధిలోనే మీరా హుస్సేన్ మనవరాలు ఖుర్షిదా మిషను కుట్టుకుంటూ ఉంటుంది. తాత ఉలులు, చెక్కలు ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాయి. బొమ్మ చెక్కిన చెక్క కూడా ఉంటే? ఆ ఏడు సిలువలూ దాని మీద ఉండవూ? కాగితం కోసింది గాని, చెక్క సంగతి సంతోషకుమారికి ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా తట్టలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా పత్తి చేను అడ్డం పడి పరిగెత్తింది. తీసేసిన చేలో పత్తికట్టెలు అరికాళ్లు గీరేస్తున్నా ఆగలేదు.

వెళ్లేసరికి ఖుర్షిదా వంటింట్లో శ్యామ్ సుందర్ ముక్కు చీదుకుంటున్నాడు. ఎండుమిరపకాయల డ్రమ్ము మూత తీసి చేతిలో పట్టుకున్నాడు. అది మూత కాదు. రెండు మూరల వెడల్పున్న చెక్క.

"రా సంతోషమ్మక్కా" అంది ఖుర్షిదా. "మా అమ్మ కాలం నుంచీ ఈ చెక్క డ్రమ్ము మీదే ఉంది. చెక్కిన వైపు కిందకి పెట్టి మూసేదాన్ని. ఇది ఇంత గొప్పదని ఈయనొచ్చి చెప్తే గాని తెలియలేదు."

"ఇవ్వకు! ఆయన క్వారీ మనిషి!" అని సంతోషకుమారి చెక్క రెండో అంచు పట్టుకుని లాగింది. ఆయన వదల్లేదు. ఒక నిమిషం ఇద్దరూ గిద్దెడు కారంపొడి మధ్య చెక్క పట్టుకుని గుంజుకున్నారు. ఖుర్షిదా ఇద్దరి మధ్యా దూరి, చెక్క గుంజుకుని కిటికీ దగ్గర పెట్టి, కుట్టుమిషను బ్రష్షుతో గాడుల్లోంచి కారం దులిపింది.

"ముందు చూడండి, తర్వాత కొట్టుకోండి" అంది.

సంతోషకుమారి చూసింది. చూసి, అలాగే నేల మీద కూర్చుండిపోయింది. చెక్క మీద ఆరుగురూ ఉన్నారు. అయిదుగురు కుడిచేత్తో ఏరుతున్నారు. పైటలు ఎడమ భుజాన ఉన్నాయి. కుడి చివర కూర్చున్న ఒక్క మనిషే ఎడమ చెయ్యి చాచింది. వెనక బాట, బాటకి ఎడమపక్క ఏడు సిలువలు.

"ఇదేంటి? ఇది ఆ బొమ్మేనా?" అంది.

"అదేనమ్మా" అన్నాడు శ్యామ్ సుందర్. "చెక్క మీద ఎడమపక్క ఉన్నది అచ్చేస్తే కాగితం మీద కుడిపక్క పడుతుంది. ఎదురుగా కనపడేది కనపడినట్టు చెక్క మీద గీసి చెక్కితే, కాగితం మీద మొత్తం తిరగబడిపోతుంది. మీ చర్చిలో బొమ్మ తిరగబడ్డది. ఇది తిన్నగా ఉన్నది."

నమ్మేస్తే ఆమె సంతోషకుమారి ఎందుకవుతుంది? "నన్ను మాయ చేస్తున్నావు. తిరగబడితే అక్షరాలు కూడా తిరగబడాలి కదా. చర్చిలో బొమ్మ కింద మిరప కల్లం అని చక్కగా చదువుకోవచ్చు. ఎనభై ఏళ్లుగా అందరం చదువుతున్నాం" అంది.

ఊరంతా చేసిన పొరపాటు అదే. అక్షరాలు సవ్యంగా ఉన్నాయి కాబట్టి బొమ్మా సవ్యంగానే ఉందనుకున్నారు.

"అక్షరాలు చూడక్కా, చెక్క మీద తిరగేసి ఉన్నాయి" అంది ఖుర్షిదా. "మా తాత అక్షరాల వరకే అద్దం పెట్టుకుని తిరగేసి చెక్కేవాడట. మా నాన్న చెప్పేవాడు. బొమ్మ కూడా తిరగేసి చెక్కొచ్చు కదా అంటే, అక్షరం తిరగబడితే చదవలేరు గానీ తిప్ప తిరగబడితే తిప్ప కాకుండా పోతుందా అనేవాడట. బద్ధకం అనుకో."

అయినా సంతోషకుమారి అచ్చేసి చూపించమంది. ఖుర్షిదా పొయ్యి మసిలో ఆముదం కలిపి, గుడ్డతో చెక్కకి పూసి, పాత లైనింగు గుడ్డ పరిచి అరచేత్తో రుద్దింది. గుడ్డ ఎత్తింది. ఏడు సిలువలు కుడిపక్కకి దూకాయి. నాయనమ్మ చెయ్యి మారిపోయింది. సంతోషకుమారి చెక్కనీ గుడ్డనీ మార్చి మార్చి అయిదారుసార్లు చూసి, అప్పుడు అంది, "నాయనా, అయితే మా నాన్న చెప్పింది నిజమే. నేనే నమ్మలేదు."

అప్పుడు కూర్చుని ఆయనకి సోమవారం సంగతంతా చెప్పింది. ఆయన నిజంగానే క్వారీ గొడవ ఎరగడు. విని, "చెక్క ఒక్కటే చాలదమ్మా. ఇది కొత్తగా చెక్కించారని అంటారు. ఆ కోసిన ముక్క ఉంటే దాని మీద పేరు, సంవత్సరం ఉంటాయి. ఇదిగో, ఈ మూడో సిలువ మీద చెక్క పగిలింది చూడండి. అచ్చులో అది తెల్లటి గీతగా పడి తీరాలి. ముక్కకి ఆ గీత ఉంటే, ఈ చెక్కే దాని తల్లి అని ఎవరూ కాదనలేరు. ముక్క ఎక్కడుంది?" అన్నాడు.

సంతోషకుమారి ఆయన కళ్లలోకి చూసింది. నీళ్లు తాగింది వాడి దగ్గరేగా అని ఇంకా ఒక మూల ఉంది. "నాకేం తెలుసు?" అని లేచిపోయింది.

తెలుసు. సిలువల్ని పొయ్యిలో పెట్టడానికి చెయ్యి రాక, మడిచి యోబు బైబిల్లో దాచింది. ఆ రెండు రోజులూ బైబిలు తెరవడం, ముక్క చూడటం, మూసెయ్యడం. మూడో సిలువ మీద సన్నటి తెల్లగీత ఉంది. ముక్క బయటపెడితే తన పేరు పోతుంది. పెట్టకపోతే యోబు పోతాడు. పెట్టినా క్వారీ వాడు కుడిపక్క సిలువలు చూపించి గెలవొచ్చు. అన్ని పక్కలా ఆలోచించింది. ఎవరినీ సలహా అడగలేదు, ఎవరిని నమ్మాలని?

సోమవారం తహసీల్దారు ఆఫీసు వరండా జనంతో నిండింది. తహసీల్దారు ఆడమనిషి. మాట తక్కువ, చూపు సూటి. ఖుర్షిదా చెక్క తెచ్చింది, పాస్టరుగారు చర్చిలో బొమ్మని ఫ్రేముతో సహా తెచ్చారు. శ్యామ్ సుందర్ సెలవు పెట్టుకుని వచ్చాడు. సంతోషకుమారి ఒక గోతం నిండా ఏదో తెచ్చి మూలన పెట్టింది. వెనక కల్లం పనికి వెళ్లే ఆడవాళ్లు ఆరుగురు వచ్చారు. ఎందుకు రమ్మందో వాళ్లకీ చెప్పలేదు.

మేనేజరు చెక్కని వేలితో తట్టి నవ్వాడు. "మేడమ్, చెక్క ఎవరైనా ఎప్పుడైనా చెక్కొచ్చు. చర్చిలో బొమ్మ నేను కళ్లారా చూశాను. సమాధులు కుడిపక్క ఉన్నాయి. ఊరి పెద్దల్ని అడగండి. ఇప్పుడు సరిగ్గా ఆ ముక్కే మాయమైంది. ఎందుకు మాయమైందో నేను చెప్పాలా?"

తహసీల్దారు పాస్టరుగారి వైపు చూసింది. "ఏమైందండీ ఆ ముక్క?"

జక్రయ్యగారు లేచి నిలబడ్డారు. "చెదలు తిన్నాయమ్మా. దేవుడి సాక్షిగా..."

"అయ్యగారూ, ఆగండి" అని సంతోషకుమారి ముందుకొచ్చింది. తను చెప్పిన అబద్ధం మీద ఆ పెద్దాయన దేవుడి పేరు పెడుతుంటే ఆమె ఓర్చుకోలేకపోయింది. "చెద తినలేదండీ. నేను కోశాను."

పాస్టరుగారు ఆమె గొంతు వచ్చిన వైపు అయోమయంగా చూశారు. సంతోషకుమారి ఆయన వైపు చూడకుండా, చంకలోని బైబిలు తెరిచి ముక్క తీసి బల్ల మీద పెట్టింది.

"ఎందుకు కోశావు?" అంది తహసీల్దారు.

"భయమేసిందండీ. మా ఆయన అక్కడున్నాడు. ఆయన పక్కన నాకు చోటుంది."

"చూశారా మేడమ్!" అన్నాడు మేనేజరు. "ఆవిడే ఒప్పుకుంది. ఇదిగో, కుడిపక్కే!"

శ్యామ్ సుందర్ ముక్కని చెక్క పక్కన పెట్టి పేరు, సంవత్సరం, మూడో సిలువ మీద పగులు చూపించాడు. తహసీల్దారు కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. చెక్క పాతదేనని ఒప్పుకుంది. మేనేజరు మాత్రం తగ్గలేదు. "పాతదే అనుకుందాం. అక్షరాలు తిరగేసి చెక్కడం తెలిసినవాడు బొమ్మ మాత్రం తిన్నగా చెక్కాడా? అదీ తిరగేసే చెక్కి ఉంటాడు. అంటే కాగితం మీద ఉన్నదే నిజం. కాదని ఎలా చెప్తారు?"

అది మంచి ప్రశ్నే. డ్రాయింగ్ మాస్టారు చెక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఖుర్షిదా, "మా తాత అలా చెక్కడు" అంది గాని, దానికి సాక్ష్యం లేదు.

సంతోషకుమారి గోతం ఈడ్చుకొచ్చి వరండా మధ్యలో బోర్లించింది. ఎర్రటి ఎండుమిరప కుప్ప పడింది. గుమస్తాలు తుమ్మారు.

"ఏంటమ్మా ఇది?" అంది తహసీల్దారు, ముక్కుకి పైట అడ్డం పెట్టుకుని.

"కల్లమండీ. నేను ఏమీ చెప్పను. మీరే వీళ్లని తాలు ఏరమనండి. ఒక్క మాట అంతే."

తహసీల్దారు ఆడవాళ్ల వైపు చూసింది. "ఏరండి" అంది.

ఆరుగురూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని, చీర కుచ్చెళ్లు దోపుకుని, కుప్ప వెనక వరసగా కూర్చున్నారు. రెండోదానిగా కూర్చోబోయిన మహిమ అనే పిల్ల మధ్యలోనే లేచి, ఎవరూ చెప్పకుండా, వరస చుట్టూ తిరిగి వెళ్లి చివర కూర్చుంది. ఏరడం మొదలుపెట్టారు. అయిదుగురి కుడిచేతులు కుప్పలోకి వెళ్లాయి. మహిమ ఎడమ చెయ్యి వెళ్లింది.

"నువ్వెందుకమ్మా అటు వెళ్లావు?" అంది తహసీల్దారు.

మహిమకి ప్రశ్న అర్థం కాలేదు. "నాది పుర్రచెయ్యి కదండీ" అంది. "మధ్యలో కూర్చుంటే మోచెయ్యి తగులుద్ది. చివరే కూర్చోవాలి. ఎక్కడైనా అంతే."

తహసీల్దారు కుర్చీలోంచి లేచి వచ్చి వాళ్ల ఎదురుగా నిలబడింది. ఆమె వైపు నుంచి చూస్తే మహిమ కుడి చివర ఉంది. చెక్క మీద రూతమ్మ కూడా కుడి చివరే ఉంది. ఫ్రేములోంచి కాగితం తీయించి చూసింది. అందులో అయిదుగురు ఎడమచేత్తో ఏరుతున్నారు, చివరి మనిషి కుడిచేత్తో.

"ఊరి మొత్తానికి ఒక పుర్రచెయ్యి ఉంటుంది గానీ, ఒక్క వరసలో అయిదుంటాయాండీ?" అంది సంతోషకుమారి. "అందరూ కుడి భుజాన పైట వేసుకుంటారా? మీరు ఏ భుజాన వేసుకున్నారో చూసుకోండి."

తహసీల్దారు చూసుకోలేదు గానీ, ఆమె చెయ్యి తెలియకుండా ఎడమ భుజం మీదకి వెళ్లింది. తర్వాత కాగితాన్నీ ముక్కనీ కలిపి పట్టుకుని, తిరగేసి, వరండా వెలుతురుకి ఎత్తి చూసింది. పల్చటి కాగితం. వెనక వైపు నుంచి సిలువలు ఎడమపక్కకొచ్చి నిలబడ్డాయి. సర్వే చేయించి తేల్చేదాకా దొడ్డిలో గడ్డిపోచ కూడా కదపడానికి వీల్లేదని అక్కడికక్కడే రాసి సంతకం పెట్టింది. దస్తావేజు కోసిన తప్పుకి సంతోషకుమారిని అందరి ముందూ గట్టిగానే చీవాట్లు పెట్టింది. సంతోషకుమారి తల వంచుకుని అన్నీ పడింది.

తర్వాత పాస్టరుగారి దగ్గరకి వెళ్లి కొంగుముడి విప్పి తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. "మీతో అబద్ధం పలికించాను అయ్యగారూ. ఇది నా దగ్గర ఉండకూడదు." ఆయన చేత్తో తడిమి, ఏంటో తెలుసుకుని, మళ్లీ ఆమె గుప్పిట్లోనే పెట్టి వేళ్లు మూశారు. "నువ్వు కాకపోతే మూడుసార్లు ఎవరు లాగుతారు?" అన్నారు.

అంతా అయిపోయినా ఆడవాళ్లు లేవలేదు. ముందర పోసిన కాయలు ఏరకుండా లేచే అలవాటు వాళ్లకి లేదు. శ్యామ్ సుందర్ కెమెరా తీసి సంతోషకుమారిని అడిగాడు, తీసుకోవచ్చా అని. "తీసుకో. కానీ తిరగబడకుండా పడుద్దో లేదో ముందు నాకు చూపించు" అందామె.

అని, వెళ్లి మహిమ పక్కన కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. మహిమ ఎడమ చెయ్యి చకచకా కుప్పలోకి వెళ్లి వస్తోంది. కాసేపు ఆ చెయ్యినే చూస్తూ ఉండిపోయింది సంతోషకుమారి. నాయనమ్మ పోయేనాటికి ఆమెకి మూడేళ్లు, మొహం గుర్తులేదు. కళ్ల వెంట ధారగా నీళ్లు కారుతుంటే మిరప ఘాటు అనుకున్నారు పక్కవాళ్లు. ఘాటు కాదు. ఏడ్చింది. ఏడుస్తూనే, చేతికొచ్చిన ప్రతి తాలుకాయనీ వెలుతురుకి పెట్టి తాలేనా కాదా అని రెండుసార్లు చూసి మరీ అవతల పారేసింది.